జబల్ షమ్స్ ఎక్కాలంటే: కాళ్ల సంగతి తర్వాత, ముందు కారు, వెలుతురు, నీళ్లు

మీ ప్రశ్న మొత్తం చదివాను. తర్వాత వచ్చి చదివేవాళ్ల కోసం క్లుప్తంగా: మారతహళ్లిలో ఉండే ముగ్గురు స్నేహితులు డిసెంబర్ ఆఖర్లో ఒమన్ వెళ్తున్నారు, కర్ణాటకలోని కుమార పర్వత కుక్కె వైపు నుంచి ఒక్క రోజులో ఎక్కి దిగిన అనుభవం ఉంది, ఇప్పుడు జబల్ షమ్స్ శిఖరం దాకా నడవాలని ఉంది. అద్దెకు సెడాన్ తీసుకుంటే సరిపోతుందా, గైడ్ కావాలా, నీళ్లు ఎన్ని మోయాలి అని అడిగారు. అనంతపురం నుంచి నాన్నగారు కూడా వస్తున్నారట, వయసు అరవై దాటింది, ఆయన్ని పైకి తీసుకెళ్లొచ్చా అన్నది ఆఖరి ప్రశ్న. మధ్యలో "ఎండ మాకు కొత్తేం కాదు" అని ఒక ముక్క అన్నారు, దాని దగ్గరికీ వస్తాను. నేను మస్కట్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేసి బెంగళూరు వచ్చేశాను. ఆ కొండల్లో బాగానే తిరిగాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మీ కాళ్లకి ఆ కొండ పెద్ద లెక్క కాదు. కుక్కె నుంచి కుమార పర్వత శిఖరానికి మీరు ఎక్కిన ఎత్తు, జబల్ షమ్స్ దారిలో ఎక్కాల్సిన ఎత్తుకంటే ఎక్కువే. కానీ కుమార పర్వత దారిలో ఫారెస్ట్ వాళ్లు ఉంటారు, ఆలస్యంగా వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, మధ్యలో భట్టర మనె అనే ఇల్లు ఉంది, నీళ్లు దొరుకుతాయి, సెలవు రోజైతే ముందూ వెనకా జనమే. జబల్ షమ్స్ మీద ఇవేవీ లేవు. మిమ్మల్ని ఎవరూ ఆపరు, ఎవరూ లెక్కపెట్టరు, దారిలో ఒక్క చుక్క నీరు దొరకదు. అక్కడ ఇబ్బంది పడినవాళ్లలో నేను చూసిన చాలామంది బలం చాలక కాదు, టైం చాలక, నీళ్లు చాలక ఇబ్బంది పడ్డారు. అంటే ఈ ట్రెక్ గెలవడమో ఓడడమో సగం ముందు రోజు సాయంత్రమే తేలిపోతుంది.

కొండ గురించి రెండు ముక్కలు. ఒమన్‌లో అల్ హజర్ పర్వతాలు ఉన్నాయి కదా, అందులో అన్నిటికంటే ఎత్తైనది ఇదే, సుమారు 3,009 మీటర్లు. అయితే ఆ అసలు శిఖరం మీద మిలిటరీ స్థావరం ఉంది, అక్కడికి మామూలు మనుషుల్ని పోనివ్వరు. మనం వెళ్లేది దక్షిణ శిఖరానికి, అది 2,997 మీటర్లు. మూడు వేలకి మూడు మీటర్లు తక్కువైందని మావాడొకడు శిఖరం మీద నిలబడి తెగ బాధపడ్డాడు, మీరు ఆ బాధ పెట్టుకోకండి. పైనుంచి చూస్తే అవతల శిఖరం మీద తెల్లటి గుండ్రటి రాడార్ గోపురాలు కనిపిస్తాయి. వాటి వైపు కెమెరా జూమ్ చేయొద్దు, డ్రోన్ అసలే తీయొద్దు. ఒమన్‌లో డ్రోన్‌కి ముందస్తు అనుమతి ఉండాలి, ఇక్కడ మిలిటరీ కూడా పక్కనే ఉంది.

ఇప్పుడు కారు. మస్కట్ నుంచి నిజ్వా దాకా బంగారం లాంటి హైవే, రెండు గంటల లోపే. నిజ్వా నుంచి అల్ హమ్రా, అక్కడి నుంచి వాదీ గుల్ మీదుగా ఘాట్ రోడ్డు మొదలవుతుంది. మస్కట్ నుంచి పైన పీఠభూమి దాకా మొత్తం 240 కిలోమీటర్ల చిల్లర. చాలా వరకు తారు రోడ్డే, కానీ నేను వెళ్లిన రోజుల్లో మధ్యలో కొన్ని కిలోమీటర్లు కంకర రోడ్డు ఉండేది, నిటారుగా, వంకరలతో, రేకు పలకలా గతుకులు పడి. ఇంటర్నెట్‌లో "మేం చిన్న కారులో వెళ్లొచ్చాం" అని రాసేవాళ్లు చాలామంది దొరుకుతారు, వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, పొడిగా ఉన్న రోజున వెళ్తుంది కూడా. సమస్య ఎక్కడంటే, అద్దె కారు ఒప్పందంలో తారు లేని రోడ్డు మీద జరిగిన నష్టానికి ఇన్సూరెన్స్ వర్తించదని సెడాన్లకు మామూలుగా రాసి ఉంటుంది. కింద రాయి తగిలి ఆయిల్ ట్యాంక్ పగిలితే మొత్తం మీ జేబులోంచే. పైగా నలుగురు మనుషులు, నలుగురి సామాను, ఇరవై ముప్పై లీటర్ల నీళ్లు, రగ్గులు, ఇంత బరువుతో చిన్న ఇంజిన్ ఆ ఎత్తుల్లో మూలుగుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి. అన్ని రోజులూ అక్కర్లేదు, మస్కట్‌లో తిరిగే రోజులకు చిన్న కారు, కొండలకు వెళ్లే రెండు మూడు రోజులకు పెద్దది, అలా విడగొట్టి తీసుకుంటే ఖర్చు మరీ అంత పెరగదు. జబల్ అఖ్దర్ అనే ఇంకో కొండకి కూడా వెళ్లే ఆలోచన ఉంటే ఇక వేరే మాటే లేదు, అక్కడ బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీస్ చెక్‌పోస్ట్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ కాకపోతే పైకి వదలరు.

ఒమన్‌లో బండి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు. బెంగళూరులో సిల్క్ బోర్డు దగ్గర నడిపినవాడు ప్రపంచంలో ఎక్కడైనా నడుపుతాడు అంటారు గానీ, ఘాట్ రోడ్డు మీద ఎదురుగా బండి వచ్చినప్పుడు చెయ్యి తనంతట తానే ఎడమకి తిప్పుతుంది, ఆ అరక్షణం చాలా ప్రమాదం. అందుకే దిగిన రోజే కొండకి పరిగెత్తకండి, ఒక రోజు మస్కట్‌లో నడిపి అలవాటు చేసుకోండి. ఇక్కడి ఆర్టీఓ దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి, నడిపేవాళ్లు ఇద్దరైతే ఇద్దరూ. దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకుండా తక్కువ గేర్లో దిగండి, లేకపోతే బ్రేకులు వేడెక్కి వాసన వస్తాయి. ఆటోమేటిక్ బండి అయినా మాన్యువల్ మోడ్ ఉంటుంది, అద్దెకిచ్చేవాడినే అడిగి చూపించుకోండి. పెట్రోలు అల్ హమ్రాలోనే ఫుల్ చేయించండి, పైన బంకు లేదు.

వాన సంగతి. ఎడారి దేశంలో వానేంటి అనుకోవద్దు, డిసెంబర్ నుంచి మార్చి మధ్యలో అప్పుడప్పుడు గట్టిగా పడుతుంది, రాళ్ల కొండ కాబట్టి నీరు ఇంకదు, నిమిషాల్లో వాదీల్లోకి దూకుతుంది. వాదీ అంటే మన వాగు లాంటిదే, మామూలు రోజుల్లో ఎండి ఉంటుంది, రోడ్డు దాన్ని దాటుకుంటూ పోతుంది. పారుతున్న వాదీలో బండి దించడం అక్కడ చట్టప్రకారం నేరం. 2024 ఏప్రిల్ వరదల్లో బండి కొట్టుకుపోయి బడి పిల్లలు కూడా చనిపోయారు. కాబట్టి ఒమన్ వాతావరణ శాఖ హెచ్చరిక ఉంటే ఆ రోజు నిజ్వా కోట చూసుకుని, సంతలో హల్వా తిని పడుకోండి. శుక్రవారం పొద్దున్నే అయితే మేకల సంత కూడా ఉంటుంది, మీ నాన్నగారికి తెగ నచ్చుతుంది.

ట్రెక్ ముందు రాత్రి తప్పకుండా పైన పీఠభూమి మీదే పడుకోవాలి. మస్కట్ నుంచో నిజ్వా నుంచో తెల్లవారి బయలుదేరి వచ్చి ఎక్కుదాం అనే ప్లాన్ చాలామంది వేస్తారు, అది నడిచే ప్లాన్ కాదు. పీఠభూమి దాదాపు 2,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బెంగళూరు 900 మీటర్ల పైన ఉన్నా మీరు మస్కట్‌లో రెండు రోజులు సముద్రమట్టంలో ఉండి వస్తారు, ఒక్కసారిగా మూడు వేలకి వెళ్తే కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. ఒక రాత్రి మధ్యలో ఆగితే ఒళ్లు కాస్త సర్దుకుంటుంది. రిసార్టులు రెండు మూడు ఉన్నాయి, టెంట్ వేసుకోవడానికి కూడా ఎవరూ అడ్డు చెప్పరు. కానీ డిసెంబర్ ఆఖర్లో రాత్రి ఉష్ణోగ్రత సున్నాకి దిగుతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందకి. బెంగళూరు చలికి కొన్న స్వెటర్ సరిపోదు. పెద్దాయన ఉన్నారు కాబట్టి టెంట్ ఆలోచన మానేసి గది తీసుకోండి, హీటర్ ఉందా అని ముందే ఫోన్ చేసి అడగండి.

ఇక దారి. దాన్ని అక్కడ డబ్ల్యూ4 అంటారు, పీఠభూమి మీద రిసార్టుల చుట్టుపక్కలే మొదలవుతుంది. రాళ్ల మీద పసుపు, తెలుపు, ఎరుపు పట్టీలు పెయింట్ చేసి ఉంటాయి, మధ్యలో రాళ్ల కుప్పలు పేర్చి ఉంటాయి. ఒకవైపు తొమ్మిది పది కిలోమీటర్లు. వినడానికి తక్కువే, కానీ ఇది మట్టి బాట కాదు, అడుగడుక్కీ కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోవాల్సిన రాళ్ల దారి. ముందు గట్టిగా ఎక్కి ఒక అంచు మీదకి చేరతారు, అక్కడి నుంచి లోయ కనిపిస్తుంది, అందరూ కూర్చుని ఫోటోలు తీసుకుని గంట తగలేస్తారు. శిఖరం ఇదే కాబోలు అనిపించే గుట్టలు ఒకటి రెండు వస్తాయి, కాదు. మధ్యలో కొంత దిగి మళ్లీ ఎక్కాలి. ఆ దిగిన భాగమే తిరుగు ప్రయాణంలో మళ్లీ ఎక్కుడు అవుతుంది, అప్పటికి మధ్యాహ్నం దాటి, నీళ్లు సగానికి వచ్చి, "ఇంక దిగడమే కదా" అని మనసు తేలికపడి ఉంటుంది. సరిగ్గా అక్కడే నీరసం కొడుతుంది. రాను పోను పది గంటలకి తక్కువ లెక్క వేసుకోవద్దు, ఫోటోలు, తిండి కలిపితే పన్నెండు.

ఇప్పుడు ఈ లెక్క చూడండి. డిసెంబర్ ఆఖర్లో అక్కడ సూర్యుడు వచ్చేసరికి 6:45 దాటుతుంది, 5:30 ప్రాంతంలోనే మునిగిపోతాడు. అంటే పగలు పదిన్నర గంటల చిల్లర. దారి పది నుంచి పన్నెండు గంటలు. బెంగళూరులో ఆ రోజుల్లో ఆరు దాకా వెలుగు ఉంటుంది కదా అనే అలవాటుతో వెళ్తే అక్కడ దెబ్బతింటారు. పగటి వెలుతురులోనే మొత్తం అయిపోవడం కష్టం కాబట్టి చీకటి భాగం పొద్దున పెట్టుకోవాలి, సాయంత్రం కాదు. పొద్దున్న 5:30కి హెడ్‌ల్యాంప్ పెట్టుకుని నడక మొదలుపెట్టండి, మొదటి భాగం ముందు రోజు సాయంత్రం ఒక అరగంట నడిచి గుర్తులు చూసుకుని ఉంటే చీకట్లో తికమక ఉండదు. సాయంత్రం చీకట్లో మాత్రం ఆ పెయింట్ గుర్తులు వెతుక్కుంటూ, అలసిన మోకాళ్లతో, జారే రాళ్ల మీద దిగడం నరకం, పెయింట్ కొన్నిచోట్ల ఎండకి వెలిసిపోయి కూడా ఉంటుంది.

ఇంకో నియమం, దీన్ని ముగ్గురూ ముందు రాత్రే ఒప్పుకోవాలి: మధ్యాహ్నం 12 గంటలకి ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి. శిఖరం కనిపిస్తున్నా సరే. "ఇంకో ఇరవై నిమిషాలే మామా" అనేవాడు ప్రతి గుంపులో ఒకడుంటాడు, వాడెవరో మీకే తెలుసు, ఆ రోజు టైం చూసే బాధ్యత వాడికి మాత్రం ఇవ్వొద్దు. 5:30కి బయలుదేరి మామూలు వేగంతో నడిస్తే 11, 11:30కి పైన ఉంటారు, అప్పుడు ఏ టెన్షనూ లేదు.

నీళ్లు. మనిషికి 5 లీటర్లు. అవును, ఐదు కిలోల బరువే. దారిలో ఊట లేదు, కొట్టు లేదు, గుంటల్లో నిలిచిన నీళ్లు కనిపించినా అవి మేకలవి. మూడు లీటర్లు నీళ్లుగానే ఉంచి, రెండు లీటర్లలో ఓఆర్‌ఎస్ కలపండి, మందుల షాపులో దొరికే పొడి, లీటరుకి ఒక ప్యాకెట్. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు కాదు. ఉత్త నీళ్లే గంటలు గంటలు తాగితే ఒంట్లో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు మొదలవుతాయి, దాన్ని ఎండదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు పట్టించేవాళ్లు ఉన్నారు. బరువు తగ్గించుకోవడానికి ఒక పద్ధతి ఉంది: మొదటి ఎక్కుడు అయ్యాక అంచు మీద ఒక గుర్తున్న చోట మనిషికో లీటరు బాటిల్ రాళ్ల కింద దాచి, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవడం. మొబైల్లో ఆ చోటు పిన్ చేసుకోండి, బాటిల్ మీద పెద్ద రాయి పెట్టండి. అక్కడి మేకలు అట్టముక్కలు, కాగితాలు, టెంట్ తాళ్లు, ఏది దొరికితే అది నమిలేస్తాయి, చెట్లెక్కి ఆకులు కూడా తింటాయి. ఖాళీ బాటిల్ మాత్రం వదిలేసి రావొద్దు.

ఎండ దగ్గరికి వద్దాం. అనంతపురం ఎండ సంగతి నాకూ తెలుసు, మా అమ్మగారిది గుంతకల్లు. కానీ అక్కడ ఎండలో పనిచేసేవాడు పదకొండుకల్లా చెట్టు కిందకి చేరతాడు, కుండలో నీళ్లుంటాయి, మజ్జిగ ఉంటుంది. జబల్ షమ్స్ మీద కొన్ని అడవి ఆలివ్ చెట్లు, జూనిపర్ చెట్లు ఉన్నాయి, వాటి నీడలో ఒకరు కూర్చోవచ్చు, అదీ వంగి. రెండోది, డిసెంబర్లో అక్కడ మీకు వేడే అనిపించదు. చల్లగాలి కొడుతుంది, హాయిగా ఉంటుంది. చెన్నైలో పది అడుగులు వేస్తే చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని తెలుస్తుంది. ఇక్కడి పొడి గాలికి చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపించేదాకా ఎంత పోయిందో తెలియదు. ఊపిరితో కూడా తేమ పోతూనే ఉంటుంది. దాహం వేసేసరికే ఆలస్యం అయి ఉంటుంది, అందుకే దాహంతో పని లేకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి వస్తే, లేదా నాలుగైదు గంటలుగా ఆ అవసరమే రాకపోతే, ఆగి తాగి ఆలోచించాలి. ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అతినీల కిరణాలు కూడా పెరుగుతాయి, ప్రతి వెయ్యి మీటర్లకి సుమారు పది శాతం. చల్లగా ఉంది కదా అని టోపీ తీసేస్తే రాత్రికి మెడ కాలిపోయి ఉంటుంది. పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే టోపీ, చలవ కళ్లద్దాలు.

బూట్ల గురించి ఎవరూ అడగరు, అడగాలి. ఆ కొండంతా సున్నపురాయి, ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నది, కొన్నిచోట్ల రాళ్లలో గవ్వల గుర్తులు కూడా కనిపిస్తాయి. వాన నీరు దాన్ని కోసి కోసి అంచులు కత్తుల్లా చేసి పెట్టింది. మన బెంగళూరు దగ్గరి సావనదుర్గ నల్లరాయి నున్నగా ఉంటుంది, మెత్తటి అడుగున్న రన్నింగ్ షూ దాని మీద బాగా పట్టుకుంటుంది. ఇక్కడ ఆ షూతో వెళ్తే రాళ్ల మొనలు అరికాళ్లకి గుచ్చుకుంటూనే ఉంటాయి, చీలమండ ఎప్పుడు మడతపడుతుందో తెలియదు. అడుగు గట్టిగా ఉండే ట్రెకింగ్ షూ, చీలమండ దాకా వచ్చేవి. డెకాథ్లాన్‌లో దొరికేవి చాలు, ఖరీదైనవి అక్కర్లేదు, కానీ ఇప్పుడే కొని నెల రోజులు తొడుక్కుని తిరగండి. కొత్త బూట్లు నేరుగా కొండకి తీసుకెళ్తే బొబ్బలు గ్యారంటీ. కర్రలు రెండు, దిగేటప్పుడు మోకాళ్లకి అవే దిక్కు.

ప్రాక్టీసుకి మీరు నంది హిల్స్ అన్నారు. బండి మీద పైకి వెళ్లి దోసె తిని వచ్చే నంది అయితే పనికిరాదు, మెట్ల దారైతే కొంత నయం. నా సలహా అలిపిరి. 3,550 మెట్లు, మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్లు పట్టేస్తాయి. ఎక్కడంతో ఆపకుండా నడిచే కిందకి దిగండి, ఎందుకంటే జబల్ షమ్స్‌లో తొడలని పట్టేసేది దిగుడే, మనవాళ్లందరూ తిరుమల నుంచి బస్సులో దిగుతారు కాబట్టి ఆ కండరాలకి అలవాటే ఉండదు. వీపు మీద ఏడెనిమిది కిలోల బ్యాగు ఉండాలి, నీళ్ల బాటిళ్లే వేసుకోండి. వారం మధ్యలో మీ అపార్ట్‌మెంట్ మెట్లు అదే బ్యాగుతో. సెక్యూరిటీ ఆయన వింతగా చూస్తాడు, రెండు రోజులకి అలవాటైపోతుంది.

గైడ్ కావాలా? మీకు మ్యాప్ చదవడం వచ్చి, ముగ్గురిలో ఒక్కరైనా ఇలాంటి గుర్తులు వెతుక్కుంటూ వెళ్లే దారుల్లో నడిచి ఉంటే, వాతావరణం బాగుంటే అక్కర్లేదు. కానీ కుమార పర్వత దారి జనం వెనకాల నడిచే దారి, అదొక్కటే మీ అనుభవమైతే గైడ్‌ని పెట్టుకోండి, మొహమాటం లేకుండా చెప్తున్నాను. మస్కట్, నిజ్వాల్లో కొండ నడకలు తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. రిసార్ట్ వాళ్లని అడిగినా కుదురుస్తారు, పనివాళ్లలో చాలామంది మన వైపు దేశాలవాళ్లే, హిందీ వస్తే చాలు. గైడ్ లేకుండా వెళ్తే ఆఫ్‌లైన్ మ్యాప్, దారి ట్రాక్ ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి, పవర్ బ్యాంక్ రెండు ఉండాలి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. సిగ్నల్ ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు, దాన్ని నమ్ముకోవద్దు. పావుగంట నడిచినా రంగు పట్టీ కనిపించకపోతే ముందుకు పోకుండా ఆఖరి పట్టీ దాకా వెనక్కి రావాలి. అడ్డదారి కనిపించినా దిగొద్దు, ఆ అంచుల కింద ఏముందో పైనుంచి కనపడదు.

నాన్నగారి విషయం. శిఖరానికి వద్దు. ఆయన ఎంత గట్టి మనిషైనా, పది పన్నెండు గంటలు, మధ్యలో బయటపడే దారి లేని నడక అది, మధ్యలో కాలు పట్టేస్తే దింపే మార్గం లేదు. కానీ ఆయన్ని గదిలో కూర్చోబెట్టకండి, మీరు శిఖరం ఎక్కే ముందు రోజే డబ్ల్యూ6 దారికి తీసుకెళ్లండి. పీఠభూమి చివర అల్ ఖితైమ్ నుంచి మొదలవుతుంది, లోయ గోడ మధ్యలో పాత గాడిదల బాట, ఒకవైపు మూడున్నర నాలుగు కిలోమీటర్లు, ఆఖర్లో అస్ సాబ్ అనే పాడుబడిన పల్లె, పెద్ద రాతి చూరు కింద ఇళ్లు, ముందు మెట్లు మెట్లుగా చిన్న చిన్న మడి చెక్కలు. ఆ గోడ మీద మనుషులు సేద్యం చేశారంటే రైతు ఇంట్లో పుట్టినవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది, ఆయన మీకంటే ఎక్కువసేపు అక్కడ నిలబడతారు చూడండి. బాట వెడల్పుగానే ఉంటుంది గానీ పక్కన లోయ దాదాపు వెయ్యి మీటర్ల లోతు, కళ్లు తిరిగే అలవాటు ఉంటే మొదటి అరగంట నడిచి వెనక్కి వచ్చినా చాలు, దృశ్యం అక్కడే మొదలవుతుంది. లోపలి వైపు ఆయన, లోయ వైపు మీలో ఒకరు. బీపీ, షుగర్ మందులు ఉంటే బెంగళూరులోనే డాక్టర్‌కి చూపించి 2,000 మీటర్ల ఎత్తు, చలి అని చెప్పి అడగండి.

శిఖరం రోజు ఆయనకి ఒక ముఖ్యమైన పని ఉంది. మీరు ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి బయలుదేరారో, ఎన్నింటికి రావాలో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. రాత్రి 7 దాటినా మీ నుంచి కబురు లేకపోతే రిసార్ట్ మేనేజర్‌కి చెప్పి పోలీసులకి ఫోన్ చేయించాలి, ఒమన్‌లో అత్యవసర నంబర్ 9999. ఒమన్ సిమ్ ఒకటి ఆయన ఫోన్లో కూడా వేయించండి. ఈ పని చేసేవాళ్లు లేకుండా ముగ్గురూ వెళ్లిపోతే, పైన ఏమైనా అయితే తెల్లారేదాకా ఎవరికీ తెలియదు.

తిండికి పెద్ద ఆర్భాటం వద్దు. నిజ్వాలో ఖర్జూరం కిలో కొనండి, ఇక్కడి నుంచి పల్లీ చిక్కీ, చపాతీలు. ఆవకాయ తీసుకెళ్లొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, కానీ దాని దాహం ఐదు లీటర్ల లెక్కలో లేదు. దారిలో మలయాళీ కాఫీ షాపులు అడుగడుక్కీ ఉంటాయి, కరక్ చాయ్ ఫ్లాస్క్‌లో పోయించుకోండి.

వీసా నియమాలు మారుతుంటాయి, రాయల్ ఒమన్ పోలీస్ వాళ్ల ఈ-వీసా పోర్టల్‌లో చూసుకుని టికెట్లు కొనండి, ఏజెంట్ మాట మీద కాదు. ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో ట్రెకింగ్ కవర్ అవుతుందా, ఎత్తు పరిమితి ఎంత అని చదవండి. కొన్ని పాలసీలు 3,000 మీటర్ల దగ్గర ఆపేస్తాయి, మా వాడు బాధపడిన ఆ మూడు మీటర్లు ఇక్కడ పనికొస్తాయి.

కారు బుకింగ్ చేసే ముందు ఒప్పందంలో తారు లేని రోడ్ల గురించి ఏం రాశాడో ఆ పేరా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పేరు, నంబర్లు కనపడకుండా. చూసి ఆ బండి తీసుకోవచ్చో లేదో చెప్తాను.